స్టీల్ గిటార్‌కు వయసు మీదపడిందా?

వాయించేవాళ్లూ పెద్దవాళ్లే, వినేవాళ్లూ పెద్దవాళ్లే, ఇంకో తరం గడిస్తే ఈ వాద్యాన్ని మ్యూజియంలో చూసుకోవాల్సిందే. స్టీల్ గిటార్ గురించి అమెరికాలో చాలా ఏళ్లుగా వినిపిస్తున్న మాట ఇది. సమ్మేళనాలకు వెళ్లినవాళ్లు నెరిసిన తలలు చూసి వచ్చి ఇలా అంటారు. ఒప్పుకోనివాళ్లు పాతికేళ్లు నిండని వాద్యకారుల పేర్లు నాలుగు ఏకరువు పెడతారు. ఇరుపక్షాలూ ఉదాహరణలతోనే పోట్లాడుకోవడంతో వాదన ఉన్నచోటే ఉండిపోయింది. హవాయిలో, కంట్రీ సంగీతపు కేంద్రం నాష్‌విల్‌లో, అమెరికా నల్లజాతి చర్చిల్లో, కలకత్తాలో ఈ వాద్యం వేర్వేరు జీవితాలు గడిపిందన్న సంగతి ఈ సందట్లో మరుగున పడింది.

వాద్యం తెలియనివారి కోసం రెండు మాటలు. గిటారును ఒళ్లోనో, కాళ్లున్న చట్రం మీదో వెల్లకిలా పెడతారు. తీగల్ని మెట్ల మీద వేళ్లతో నొక్కరు. ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జార్చుతూ, కుడిచేత్తో మీటుతారు. మన దగ్గర దీన్ని హవాయన్ గిటార్ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. 1930లలో దీనికి కరెంటు తోడైంది. ఆపైన పాదాలతో తొక్కే పెడల్స్, ఆ తర్వాత మోకాళ్లతో నెట్టే మీటలు వచ్చి చేరి పెడల్ స్టీల్ తయారైంది. తీగ మీద జార్చి పలికించే పద్ధతి మాత్రం తెలుగువారికి కొత్త కాదు. తంజావూరు రఘునాథ నాయకుడి తెలుగు కావ్యం ‘శృంగార సావిత్రి’లో గోటువాద్యం పేరు కనిపిస్తుంది.

కుర్రవాళ్ల చేతుల్లో పుట్టింది

ఈ వాద్యాన్ని కనిపెట్టిన ఘనత ఎక్కువమంది జోసెఫ్ కెకుకుకే ఇస్తారు. ఆయన 1874లో హవాయిలోని ఓవాహు దీవిలో, లాయె అనే ఊళ్లో పుట్టాడు. రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టును గిటారు తీగలకు తగిలించి చూశాడన్న కథ ప్రచారంలో ఉంది. అప్పుడు ఆయన వయసు పదకొండు అని కొందరు, పదిహేను అని కొందరు చెబుతారు. కమేహమేహా పాఠశాలలో చదువుతూ ఆ పద్ధతికి పదును పెట్టాడన్నది ఎక్కువమంది ఒప్పుకునే విషయం. ఇతర హక్కుదారులూ లేకపోలేదు. వారిలో గేబ్రియల్ డేవియన్ మనకు ఆసక్తి కలిగించే మనిషి. భారతదేశంలో పుట్టి, ఓ ఓడ కెప్టెన్ ఎత్తుకుపోగా హవాయి చేరాడని చెప్పే యువకుడాయన. ఎవరి కథను నమ్మినా, మొదటగా కడ్డీ పట్టుకున్న చెయ్యి పడుచుదనంలో ఉన్న చెయ్యే.

తర్వాతి అర్ధశతాబ్దమూ ఇదే తీరు. సోల్ హోఓపీ 1919లో, పదిహేడేళ్ల వయసులో ఓడలో దొంగచాటుగా ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. 1920లలో అమెరికాలో స్టీల్ గిటార్ అంటే ఆయనే అన్నంత పేరు తెచ్చుకున్నాడు. లియోన్ మెకాలిఫ్ పదహారేళ్లకు టెక్సస్ రేడియో బృందంలో చేరి, పద్దెనిమిదేళ్లకు, అంటే 1935లో, బాబ్ విల్స్ బృందానికి వచ్చాడు. ఆ మరుసటి ఏడు రికార్డు చేసిన ‘స్టీల్ గిటార్ రాగ్’ ఈనాటికీ అభ్యాసకులు నేర్చుకునే బాణీ. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ 1954లో మార్మోగినప్పుడు, పెడల్ తొక్కుతూ స్వరాన్ని వంచే కొత్త పద్ధతిని లోకానికి వినిపించిన బడ్ ఐజాక్స్‌కు పాతికేళ్లు. 1959లో న్యూయార్క్ అన్నదమ్ములు శాంటో, జానీ చేసిన ‘స్లీప్ వాక్’ అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. స్టీల్ వాయించిన అన్న శాంటోకు అప్పటికి ఇరవై రెండు నిండలేదు.

బడ్డీ ఎమన్స్ జీవితాన్ని కాస్త నిదానంగా చూడాలి. పెడల్ స్టీల్‌కు ఈనాటి రూపం ఇచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. 1937లో ఇండియానాలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు తండ్రి ఒళ్లో పెట్టుకుని వాయించే గిటారు కొనిచ్చి, దగ్గరి పట్టణం సౌత్ బెండ్‌లోని హవాయన్ కన్సర్వేటరీలో చేర్పించాడు. పదహారేళ్లకు చదువు మానేశాడు. పద్దెనిమిదేళ్లకు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరి నాష్‌విల్ వచ్చాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి షాట్ జాక్సన్‌తో కలిసి గిటార్లు తయారుచేసే కంపెనీ పెట్టాడు. ఇందులో ఆయన ప్రతిభ ఎంత ఉందో, సౌత్ బెండ్‌లోని ఆ చిన్న బడి పాత్ర కూడా అంతే ఉంది. 1930లు, 40లలో అమెరికాలో మామూలు పట్టణాల్లో సైతం పిల్లలకు హవాయన్ గిటార్ నేర్పే స్టూడియోలు ఉండేవి. క్లీవ్‌లాండ్‌లోని ఓవాహు పబ్లిషింగ్ కంపెనీ పాఠాల కాగితాలు, గిటార్లు కలిపి అమ్మేది. ఏ కార్ఖానా ఉద్యోగి కూతురైనా వారానికో పాఠం చెప్పించుకోగలిగేది. 1960లో షికాగోలో జరిగిన వాద్యాల వాణిజ్య ప్రదర్శనలో బార్బరా మండ్రెల్ స్టీల్ వాయించి చూపినప్పుడు ఆమె వయసు పదకొండే.

అంటే మొదటి అరవై, డెబ్భై ఏళ్లు ఇది పక్కా కుర్రకారు వాద్యం. పెద్దల వాద్యం అన్న ముద్ర తర్వాత పడింది. ఎప్పుడు, ఎందుకు పడిందన్న దగ్గరే అసలు వివాదం మొదలవుతుంది.

హవాయిలో ముద్ర ఎలా పడింది

పుట్టినచోట ఈ వాద్యం పాతబడ్డ తీరు విచిత్రమైనది. ‘హవాయి కాల్స్’ రేడియో కార్యక్రమం 1935లో మొదలై 1975 దాకా నడిచింది. వైకీకీ సముద్రతీరపు హోటళ్ల నుంచి వినిపించే స్టీల్ గిటార్ నాదం హవాయికి గుర్తుగా మారింది. ఆ గుర్తే చివరికి దానికి చేటు తెచ్చింది. 1970లలో హవాయి భాష, నృత్యం, నౌకాయానం మళ్లీ చిగురిస్తున్న రోజుల్లో అక్కడి యువకులకు స్టీల్ గిటార్ పర్యాటకుల కోసం వాయించే హోటల్ సంగీతంగా కనిపించింది. తమ తాతల ఇళ్లలో మోగిన, తీగల బిగువు సడలించి వేళ్లతో మీటే స్లాక్ కీ గిటారే వారికి సొంతమనిపించింది. విడ్డూరం ఏమిటంటే, స్లాక్ కీకి పెద్దదిక్కుగా కొలిచిన గాబీ పహినుయి కూడా మొదట్లో స్టీల్ వాయించినవాడే. ‘సన్స్ ఆఫ్ హవాయి’ బృందంలో డేవిడ్ రోజర్స్ స్టీల్‌ను ఆ కొత్త ఉద్యమంలో నిలబెట్టినా, వెనక వచ్చినవారు తక్కువ.

ఈ దశలో 1972లో జెర్రీ బర్డ్ అక్కడికి మకాం మార్చాడు. ఆయన ఒహాయో రాష్ట్రంలో పుట్టిన తెల్లవాడు. చిన్నప్పుడు ఊరికి వచ్చిన హవాయి డేరా ప్రదర్శన చూసి ఈ వాద్యం మీద మనసు పడి, నాష్‌విల్‌లో పేరు గడించిన మనిషి. పెడల్స్ జోలికి పోకుండా పాత పద్ధతినే నమ్ముకున్నాడు. హవాయి పిల్లలకు వాళ్ల వాద్యాన్నే మళ్లీ నేర్పే పని పెట్టుకున్నాడు. ఆయన శిష్యుడు అలన్ అకాకా ఈనాడు ఓవాహులో బడిపిల్లలకు నేర్పుతున్నాడు. జాన్ ట్రౌట్‌మన్ 2016లో తెచ్చిన ‘కీకా కీలా’ అనే చరిత్ర గ్రంథం ఈ వాద్యాన్ని హవాయి మూలవాసుల సృష్టిగా నిలబెట్టి చూపడంతో పాత ముద్ర కొంత చెరిగింది. వాద్యం ముసలిదవడానికి వాయించేవాళ్ల వయసుతో పనిలేదని, ఏ తరం దాన్ని తమదనుకుంటుందన్నదే లెక్క అని చెప్పడానికి హవాయిని మించిన సాక్ష్యం కనబడదు.

నాష్‌విల్ కథ వేరు

అమెరికా ప్రధాన భూభాగంలో సిగ్గుపడటం అన్న సమస్య రాలేదు. అక్కడ వచ్చినవి మూడు మార్పులు. 1950ల మధ్య నుంచి రాక్ అండ్ రోల్ పిల్లల చేతుల్లోకి నిలువుగా పట్టుకునే ఎలక్ట్రిక్ గిటారును తెచ్చింది. హవాయన్ స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లేదా మామూలు గిటార్ బడులైపోయాయి. అదే కాలంలో స్టీల్ గిటార్ యంత్రంగా మారింది. ఇప్పుడు నాష్‌విల్ పద్ధతి పెడల్ స్టీల్ అంటే పది తీగలు, మూడు పెడల్స్, నాలుగైదు మోకాలి మీటలు. ఎడమ పాదం పెడల్స్ మీద, కుడి పాదం శబ్దం పెంచి తగ్గించే పెడల్ మీద, రెండు మోకాళ్లూ మీటల దగ్గర, రెండు చేతులూ తీగల మీద. కొత్తది కొనాలంటే వేల డాలర్లు. పన్నెండేళ్ల పిల్లకు పుట్టినరోజు కానుకగా ఇచ్చే వస్తువు కాదది. మూడోది, కంట్రీ సంగీతంలో స్టీల్ స్థానం ఎగుడుదిగుడు కావడం. ఒక దశకంలో వయొలిన్ బృందాలు దాన్ని పక్కకు నెట్టాయి, ఇంకో దశకంలో పాత రుచి కోరినవాళ్లు మళ్లీ పిలిచారు, ఆపైన మళ్లీ రాక్ గిటార్ల హోరు కమ్మింది.

మధ్యలో ఒక పెద్ద అల వచ్చింది. వయసు చర్చలో పాల్గొనే చాలామంది దీన్ని మరిచిపోతారు. 1968లో బర్డ్స్ బృందం ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’, మరుసటి ఏడు ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్‌లో స్నీకీ పీట్ క్లైనో, పోకోలో రస్టీ యంగ్, 1970లో ‘టీచ్ యువర్ చిల్డ్రన్’ పాటలో జెర్రీ గార్సియా, 1972లో నీల్ యంగ్ ‘హార్వెస్ట్’లో బెన్ కీత్. నాలుగేళ్లలో రాక్ వినే యువతరానికి పెడల్ స్టీల్ చెవిన పడింది. 1975లో విన్నీ విన్‌స్టన్ పాఠ్యపుస్తకం వచ్చింది. జెఫ్ న్యూమన్ క్యాసెట్లతో, శిబిరాలతో నేర్పడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఇరవై ఏళ్లున్నవాళ్లు గుంపుగా ఈ వాద్యం పట్టారు. ఆ గుంపే ఇప్పుడు డెబ్భై దాటింది. సమ్మేళనంలో కనబడే నెరిసిన తలల్లో పెద్ద భాగం వాళ్లదే.

నాలుగు వాదాలు

ఇప్పటిదాకా జరిగిన చర్చను కుదిస్తే నాలుగు వాదాలు తేలతాయి.

మొదటిది క్షీణవాదం. సేంట్ లూయిస్‌లో డివిట్ స్కాట్ దశాబ్దాల పాటు నడిపిన అంతర్జాతీయ సమ్మేళనం ఆగిపోవడం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మహామహులు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోవడం, రేడియోలో స్టీల్ వినిపించకపోవడం వీళ్ల సాక్ష్యాలు. 2015లో ఎమన్స్ డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో పోయినప్పుడు ఈ వాదం మరింత బలపడింది. ఇందులో బాధ నిజం. తర్కం మాత్రం బలహీనం. ఒక వాద్యం తొలి తరాలు ఒకేసారి కుర్రవాళ్లుగా మొదలుపెడితే, వాళ్లు ఒకేసారి ముసలివాళ్లవుతారు. దాన్ని క్షీణత అనలేం.

రెండోది పరిపాకవాదం. ఈ వాద్యం పట్టుబడటానికే పదేళ్లు పడుతుంది, స్టూడియోలో నమ్మి పిలవడానికి ఇంకో పదేళ్లు. కాబట్టి పైకి కనిపించేవాళ్లు నడివయసు దాటినవాళ్లే అవుతారు, లోపల ఎదుగుతున్నవాళ్లు కనబడరు. పాల్ ఫ్రాంక్లిన్ వంటివాళ్లు దీనికి అడ్డుతగులుతారు. ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి, ఇరవై రాకముందే రికార్డుల్లో వినిపించాడాయన. అయినా ఈ వాదంలో ఒక చిన్న లెక్క దాగి ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఏటా ఒకే సంఖ్యలో పిల్లలు పన్నెండేళ్లకు మొదలుపెట్టి, అందరూ డెబ్భై అయిదు దాకా వాయిస్తారనుకుందాం. ఏ లోటూ లేని ఆ స్థితిలో కూడా వాద్యకారుల సగటు వయసు నలభై మూడు దాటుతుంది. ఆగకుండా వాయించగలిగే ఏ వాద్యానికైనా సగటు పెద్దగానే ఉంటుంది.

మూడోది పునరాగమన వాదం. కుర్రతనంలో ఒకసారి చేతబట్టి, ఉద్యోగం, సంసారం వచ్చి వదిలేసి, అరవై దాటాక డబ్బూ తీరికా దొరికి మళ్లీ కొనుక్కునేవాళ్లు ఎక్కువ. అమెరికాలో ఇది పెడల్ స్టీల్ ఖరీదుతో ముడిపడింది. జపాన్‌లో యుద్ధానంతరం విశ్వవిద్యాలయాల్లో హవాయన్ బృందాల మోజు నడిచింది కాబట్టి అక్కడా ఇదే ధోరణి. ఈ వాదం చెప్పేది సూటిగా ఉంటుంది: సమ్మేళనంలో సగటు వయసు పెరగడం కొత్తవాళ్లు చేరుతున్నారనడానికి గుర్తు కూడా కావచ్చు.

నాలుగోది పరంపర వాదం. వాద్యానికి వయసు ఇచ్చేది దాన్ని నిలబెట్టే వ్యవస్థ. వ్యవస్థ ఉన్నచోట పిల్లలుంటారు, లేనిచోట జ్ఞాపకాలుంటాయి. నాలుగింటిలో నాకు ఇదే బలమైనదిగా కనిపిస్తుంది. అయితే దీన్ని నిలబెట్టే రుజువులు నాష్‌విల్‌లో దొరకవు.

చర్చిలో పిల్లలు

1930లలో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ అనే నల్లజాతి యువకుడు ఓ హవాయి గురువు దగ్గర స్టీల్ నేర్చుకున్నాడు. ఆయన తమ్ముడు విల్లీ ఈసన్ దాన్ని హౌస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘపు ఆరాధనలో గొంతుకు బదులు పలికేలా వాయించాడు. ఆర్గన్ ఉండాల్సిన చోట స్టీల్ గిటార్ స్థిరపడింది. బయటి లోకానికి దీని సంగతి దాదాపు అరవై ఏళ్ల తర్వాత తెలిసింది. ఆర్హూలీ సంస్థ 1997లో ‘సేక్రెడ్ స్టీల్’ పేరుతో రికార్డు తెచ్చింది. దాన్ని కూర్చిన రాబర్ట్ స్టోన్ ఆ తర్వాత ఈ సంప్రదాయం మీద పుస్తకం కూడా రాశాడు.

ఆదివారం ఆరాధన ఆగదు, వాద్యం లేకుండా జరగదు. పెద్దాయన వాయిస్తుంటే పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లాడికి కొంతసేపు కడ్డీ ఇస్తారు. కచేరీ కోసమో డబ్బు కోసమో కాక, వచ్చే వారం పని నడవడానికి నేర్పుతారు. ఆబ్రీ ఘెంట్ తండ్రి హెన్రీ నెల్సన్ ఈ సంప్రదాయంలో పెద్దవాడు. కాంప్‌బెల్ సోదరులు ఇందులోనే పెరిగారు. రాబర్ట్ రాండాల్ఫ్ 1977లో పుట్టి, పదిహేడేళ్ల ప్రాంతంలో పెడల్ స్టీల్ పట్టుకున్నాడు. ఇరవై అయిదేళ్లకల్లా రాక్ వేదికల మీద తన తరం శ్రోతల్ని నిలబెట్టి ఆడించాడు. 2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్‌లోని ‘16 క్యారేజెస్’లో వినిపించే స్టీల్ ఆయనదే. సమ్మేళనాల్లో కుర్రవాళ్లు లేరని అందరూ వాపోతున్న ఏళ్లలోనే, నాష్‌విల్‌లోనూ ఇతర నగరాల్లోనూ ఉన్న ఈ చర్చిల్లో కుర్రవాళ్లు వాయిస్తూనే ఉన్నారు. లెక్కపెట్టినవాళ్లు ఆ తలుపు తట్టలేదు. అమెరికా సంగీత చరిత్రలో జాతి గీత ఎంత లోతుగా ఉందో చెప్పే సంగతి కూడా ఇది.

కలకత్తా దారి

భారతదేశానికి ఈ వాద్యం హవాయి బృందాల పర్యటనలతో వచ్చింది. కెకుకు ఊరు లాయెలోనే పెరిగిన టౌ మో 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. గార్నీ నిస్ అలోహా బాయ్స్ ఆ ఊరి క్లబ్బుల్లో, రేడియోలో వినిపించారు. తర్వాతి దశలో అది బెంగాలీ మధ్యతరగతి ఇంటి వాద్యమైంది. హార్మోనియం పక్కన హవాయన్ గిటార్, దాని మీద రవీంద్ర సంగీతం. కవి నజ్రుల్ కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ రికార్డులు ఇళ్లలో మోగాయి. లక్నోలో పుట్టిన వాన్ షిప్లీ హిందీ సినిమా బాణీలను ఎలక్ట్రిక్ తీగల మీద దేశమంతా వినిపించాడు. కీబోర్డులు చవకయ్యాక ఈ ఇంటి పరంపర సన్నగిల్లింది. అమెరికా స్టూడియోలకు పట్టిన గతే దీనికీ పట్టింది.

సన్నగిల్లని పాయ శాస్త్రీయ సంగీతానిది. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్ భూషణ్ కాబ్రా 1937లో, ఎమన్స్ పుట్టిన ఏడే పుట్టాడు. అలీ అక్బర్ ఖాన్ శిష్యరికం చేసి గిటార్ మీద రాగాలాపన సాధ్యమని నిరూపించాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ చేసిన 1967లో ముగ్గురూ ముప్పై ఏళ్లకు అటూఇటూ ఉన్నవాళ్లే. విశ్వమోహన్ భట్ మోహన వీణ రూపొందించి, రై కూడర్‌తో చేసిన రికార్డుకు 1994లో గ్రామీ అందుకున్నాడు. ఆయన కుమారుడు సలిల్ భట్ సాత్విక వీణ వాయిస్తాడు. కలకత్తాలో 1963లో పుట్టిన దేబాశీష్ భట్టాచార్యకు మూడేళ్లప్పుడే తండ్రి హవాయన్ గిటార్ చేతికిచ్చాడు. కాబ్రా దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాక చతురంగి, గాంధర్వి, ఆనంది అని మూడు కొత్త రూపాలు తయారుచేశాడు. దక్షిణాదిలో గోటువాద్యం నారాయణ అయ్యంగార్ కుటుంబంలోనూ విద్య తండ్రి నుంచి కొడుక్కి, మనవడికి అందింది.

నాష్‌విల్‌కూ మనకూ ఉన్న ముఖ్యమైన తేడా వినేవారి చూపులో ఉంది. అరవై ఏళ్ల పండితుడు వేదికెక్కితే విద్య పండిందంటాం. వాద్యం చచ్చిపోతోందని ఎవరూ అనరు. యువ ముఖాలతో అమ్ముడయ్యే పాప్ పరిశ్రమలో అదే వయసు క్షీణతకు రుజువైపోతుంది. ఆ గౌరవం మాటున మన లోపమూ దాగుతుంది. ఏ బడిలో ఎంతమంది పిల్లలు ఈ వాద్యం నేర్చుకుంటున్నారని మనం అడగనే అడగం.

చెయ్యి ఎంతకాలం సహకరిస్తుంది

వయసు చర్చలో శరీరం గురించి చెప్పే మాటలు సగం నిజం. కూర్చుని వాయించేది కాబట్టి నడుము మీద భారం పడదు. ఎడమచేతి వేళ్లు తీగల్ని నొక్కి బిగించనక్కర్లేదు కనుక, కీళ్లవాతంతో మామూలు గిటార్ వదిలేసినవాళ్లు కూడా దీన్ని కొనసాగించగలరు. కడ్డీ ఎక్కడ ఆగాలో చూసుకోవడానికి గీతలే తప్ప నిజమైన మెట్లు ఉండవు. శ్రుతి నిలిచేది చెవి మీద, కంటి మీద. ఆ రెండూ మందగిస్తే దాచుకోవడానికి వీలుండదు. కుడిచేతి బొటనవేలు, మణికట్టు పడే శ్రమ కూడా తక్కువేం కాదు. ఎమన్స్ అంతటివాడు 2001లో ఆ నొప్పితోనే కొంతకాలం వాయించడం ఆపాల్సి వచ్చింది. రెండు మెడల పాత పెడల్ స్టీల్ పెట్టెతో కలిపి ముప్పై కిలోలకు అటూఇటూ తూగుతుంది. చాలామంది కచేరీలు మానేసేది వాయించలేక కాదు, మోయలేక.

రెండో వైపు కూడా చూడాలి. 1968 నాటి ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’లో స్టీల్ వాయించిన లాయిడ్ గ్రీన్, జే డీ మేనెస్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్లకు, 2018లో, ఆ పాటలనే మళ్లీ స్టీల్ మీద రికార్డు చేశారు. గ్రీన్‌కు అప్పటికి ఎనభై. టౌ మో ఎనభై ఏళ్ల వయసులో బాబ్ బ్రోజ్‌మన్ పూనికతో కుటుంబ సమేతంగా తన కుర్రతనపు పాటల్ని మళ్లీ వినిపించాడు. మొదలుపెట్టిన వయసుకూ ఆపేసిన వయసుకూ మధ్య ఇంత నిడివి దొరికే వాద్యాలు అరుదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

హవాయిలో పాఠాలు ఆగింది వాద్యం పరాయిదన్న భావన వల్ల. మళ్లీ మొదలైంది బడుల వల్ల. అమెరికా కంట్రీలో ఆగింది స్టూడియోలు పోయి, యంత్రం ఖరీదై. అక్కడ మళ్లీ మొదలవడం పెద్దవయసు నుంచి జరుగుతోంది. చర్చిలో ఆగనే లేదు. బెంగాలీ ఇళ్లలో ఆగింది, శాస్త్రీయ గురుకులాల్లో ఆగలేదు, కానీ ఆ పాయ సన్నం. నాలుగు చోట్లా ముసలివాళ్లున్నారు. తేడా వచ్చేది పన్నెండేళ్ల పిల్లకు వాద్యం చేతికి అందే దారి ఉందా లేదా అన్న దగ్గర. క్షీణవాదులు దుఃఖించాల్సింది నెరిసిన తలల్ని చూసి కాదు, సౌత్ బెండ్ బడి లాంటివి లేకపోవడాన్ని చూసి. ఆశావాదులు కూడా నలుగురు మెరికల పేర్లు చెప్పి తృప్తిపడటం మానాలి. మెరికలు దారిలేని చోట కూడా పుడతారు, దారి కావాల్సింది మిగతావాళ్లకు.

తేలని ప్రశ్నలు

కొన్ని విషయాల మీద పండితులు, వాద్యకారులు ఇంకా ఒక మాటకు రాలేదు. మొదటిది, ఇంటర్నెట్ పాఠాలు స్టూడియోల స్థానాన్ని భర్తీ చేస్తాయా? వీడియో చూసి కడ్డీ పట్టడం, పెడల్ తొక్కడం వస్తాయి. తప్పు పలికినప్పుడు పక్కనుండి చెప్పే చెవి దొరకదు. శ్రుతి మీదే బతికే వాద్యానికి ఇది చిన్న లోటు కాదని ఒక వర్గం అంటుంది. రికార్డులు అరగదీసి నేర్చుకున్న పాతతరానికి మాత్రం ఏ చెవి దొరికిందని మరో వర్గం అడుగుతుంది.

రెండోది, కంట్రీని వదిలేసిన యువతరాన్ని ఎక్కడ లెక్కగట్టాలి? సూసన్ ఆల్కార్న్ టెక్సస్ కంట్రీ బృందాల్లో మొదలై, మెస్సియాన్, పియజోల్లా సంగీతాన్ని పెడల్ స్టీల్ మీదకు తెచ్చి, 2025 జనవరిలో కన్నుమూసేదాకా ప్రయోగాలు చేస్తూనే ఉంది. ల్యూక్ ష్నైడర్ 2020లో ఒక పాత ఎమన్స్ గిటార్ ఒక్కదాని మీదే పలికించిన నాదాలతో ధ్యానసంగీతపు ఆల్బమ్ చేశాడు. అంతకు చాలా ముందే, 1982లో, నైజీరియా గాయకుడు కింగ్ సన్నీ అడే జూజూ సంగీతంలో పెడల్ స్టీల్‌ను ప్రపంచానికి వినిపించాడు. ఈ శ్రోతలు, వాద్యకారులు సమ్మేళనాలకు రారు కనుక వాళ్ల వయసులు ఏ లెక్కలోనూ చేరవు.

మూడోది ఆడపిల్లల విషయం. ఓవాహు పాఠాల కాలంలో వాళ్లు మగపిల్లలతో సమానంగా ఈ వాద్యం నేర్చుకున్నారు. పెడల్ స్టీల్ వచ్చి, అర్ధరాత్రి దాకా బార్లలో వాయించే వృత్తి అయ్యాక కనుమరుగయ్యారు. మండ్రెల్ సైతం తర్వాత గాయనిగానే స్థిరపడింది. యువతరం కొరత అని అంటున్నదానిలో కొంత భాగం, సగం జనాభాను తలుపు బయట ఉంచినందువల్ల వచ్చిన కొరత కాదా అన్న ప్రశ్న ఈమధ్యనే గట్టిగా వినిపిస్తోంది. నా మటుకు నాకు ఇది మొదటి రెంటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఇక ముందు సమ్మేళనాలు నడిపేవారికి, వ్యాసాలు రాసేవారికి ఒక మనవి. వచ్చినవాళ్లను మీ వయసెంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. మొదటిసారి కడ్డీ పట్టుకున్నప్పుడు వయసెంత, అది చేతికిచ్చింది ఎవరు అని కూడా అడిగి రాసిపెట్టండి. చర్చిలో, కలకత్తా గురుకులంలో, లాయె ఊరి బడిలో కూడా అవే రెండు ప్రశ్నలు అడగండి.